పొగలేని మందు వచ్చాక కూడా అతివేగ వేట తూటాకు ముప్పై ఏళ్లు ఎందుకు పట్టింది?

#1 – పాతకాగితాలు

అందరికీ నమస్కారం. 1880ల నుంచి 1930ల దాకా వేట రైఫిళ్ల తూటాలు ఎలా మారుతూ వచ్చాయో కొన్ని నెలలుగా చదువుతున్నాను. ఒకచోట ఆగిపోయాను కాబట్టి మీ ముందు పెడుతున్నాను.

ముందుగా మాటల సంగతి. వాడుకలో మనం తూటా అన్నా గుండు అన్నా ఒకటే అనుకుంటాం. ఈ చర్చలో మాత్రం ఇత్తడి గుల్ల, మందు, దాన్ని అంటించే ప్రైమరు, గుండు అన్నీ కలిసినదాన్ని తూటా అనీ, గొట్టంలోంచి బయటికి పోయేదాన్ని మాత్రమే గుండు అనీ అందాం. అలాగే సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన పాతకాలపు మందును నల్లమందు అంటే మన భాషలో అభిని అని అర్థం వస్తుంది. అందుకని దాన్ని 'పాతమందు' అని రాస్తాను.

ఇక ప్రశ్న. ఫ్రాన్సులో పాల్ వియేయ్ 1884లో పొగలేని మందును తయారుచేశాడు. రెండేళ్లు తిరిగేసరికి, 1886లో, ఆ మందుతో పేలే లెబెల్ సైనిక రైఫిలు వచ్చింది. సెకనుకు 2,000 అడుగుల వేగం దాదాపు అప్పుడే చేతికందింది. కానీ 3,000 అన్న అంకెను పేరులోనే పెట్టుకున్న వేట తూటా, .250-3000 సావేజ్, 1915లో గాని అంగడికి రాలేదు. (సావేజ్ తయారీ సంస్థ పేరు. తూటా పేరులో చుక్కతో మొదలయ్యే అంకె గొట్టం లోపలి వ్యాసాన్ని దాదాపుగా అంగుళాల్లో చెబుతుంది.) అసలు వేగానికి మూలం మందే అయితే, మందు చేతిలో ఉన్న తరవాత ఇంత కాలం ఎందుకు పట్టినట్టు?

#2 – లోహవిద్య

మంచి ప్రశ్న, పాతకాగితాలు గారూ. నా వృత్తి లోహాలతో ముడిపడినది కాబట్టి ఆ వైపు నుంచి మొదలుపెడతాను.

పాతమందు కాలినప్పుడు దాని బరువులో సగానికి పైగా వాయువుగా మారదు. పొగగా, మసిగా, గొట్టానికి అంటుకునే గట్టి పదార్థంగా మిగిలిపోతుంది. అంటే వేటగాడు గుల్లలో దట్టించిన మందులో సగం గుండును నెట్టే పని చేయడం లేదన్నమాట. ఇంగ్లండులో జేమ్స్ పర్డీ 1856లో తన రైఫిలుకు ఎక్స్‌ప్రెస్ రైలు పేరు పెట్టుకున్నాడు. అతను చేసినదల్లా గుండును తేలిక చేసి, మందును పెంచడం. ఎక్స్‌ప్రెస్ రైఫిళ్లన్న మాట అక్కడి నుంచి వచ్చింది. ఆ దారిలో ఎంత దూరం వెళ్లినా సెకనుకు 1,900 అడుగులు దాటడం చాలా అరుదు.

పొగలేని మందు ఆ గోడను కూల్చింది, నిజమే. అయితే వెంటనే ఇంకో గోడ ఎదురైంది. అప్పటి గుండు వట్టి సీసం. ఆ కొత్త వేగంలో మెత్తని సీసం, గుండును తిప్పడానికి గొట్టం లోపల చెక్కిన మెలి గాళ్లను పట్టుకుని తిరగకుండా వాటి మీదుగా జారిపోతుంది, పోతూ పోతూ గొట్టమంతా సీసం పూస్తుంది. స్విట్జర్లాండులో ఎడువార్డ్ రూబిన్ 1880ల మొదట్లో గుండుకు రాగి తొడుగు వేసే పద్ధతి తెచ్చి ఉండకపోతే వియేయ్ మందు వేటకు గాని యుద్ధానికి గాని పెద్దగా ఉపయోగపడేది కాదని నా గట్టి అభిప్రాయం. ఈ విషయంలో వియేయ్‌కి దక్కిన కీర్తిలో సగం రూబిన్‌కి కూడా దక్కాలి.

మూడో అడ్డంకి గొట్టం ఉక్కు. అమెరికాలో వించెస్టర్ 1894 మోడలు రైఫిలు మొదట పాతమందు తూటాలతోనే అమ్ముడుపోయింది. నికెలు కలిపిన ఉక్కు గొట్టాలు సిద్ధమయ్యాక, 1895లో, పొగలేని మందుతో నిండిన .30-30 దానికి జతపడింది. 160 గ్రెయిన్ల గుండు (గ్రాములో సుమారు పదిహేనో వంతు ఒక గ్రెయిన్), సెకనుకు సుమారు 1,970 అడుగులు. ఆనాటి అడవి వేటగాడికి అదే అతివేగం. కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: మందు ఒక్కటే నడిచి వస్తే సరిపోలేదు, గుండూ ఉక్కూ దాని వెంట నడవాల్సి వచ్చింది.

#3 – మాజీ ఆర్మరర్

లోహవిద్య గారు చెప్పినదానికి మందు వైపు నుంచి కొంత చేర్చాలి. నేను సైన్యంలో ఆయుధాల మరమ్మతు విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, శిక్షణలో భాగంగా, పాత .303 తూటా ఒకదాన్ని మా ఉస్తాదు మా ముందు విప్పి చూపించారు. గుల్ల అడుగున కిర్కీ కర్మాగారం ముద్ర ఉంది. మందు అంటే పొడిలా రాలుతుందని నేను ఎదురుచూస్తున్నాను. ఆయన గుండు లాగి గుల్లను కాగితం మీద వంచితే సన్నని గోధుమరంగు పుల్లల కట్ట ఒకటి జారి పడింది. అచ్చం వేయించిన సేమ్యాలా ఉంది. అదే కార్డైట్. తాడులా, దారంలా ఉంటుంది కాబట్టే దానికి ఆ పేరు.

బ్రిటిష్ వాళ్లు 1889లో రూపొందించిన ఆ మందులో నైట్రోగ్లిజరిన్ 58 పాళ్లు, గన్‌కాటన్ (ఆమ్లాలతో పేలుడు పదార్థంగా మార్చిన దూది) 37 పాళ్లు, మిగతా 5 పాళ్లు వాజిలీన్ వంటి ఖనిజ జెల్లీ. దాని మంట మహా వేడి. ఆ వేడికి గొట్టం లోపలి ఉక్కు కొద్దికొద్దిగా కరిగి అరిగిపోయేది. ఆ అరుగుదలను తట్టుకోలేకే తరవాత నైట్రోగ్లిజరిన్‌ను 30 పాళ్లకు తగ్గించి, గన్‌కాటన్‌ను 65కు పెంచి కొత్త కూర్పు తెచ్చారు. ఇంకా వేగం కావాలంటే ఇంకా మందు పోయాలి, ఇంకా మందు పోస్తే గొట్టం ఆయుష్షు తగ్గుతుంది. వేట రైఫిలు కొనేవాడు ఒక్క గొట్టం జీవితకాలం నడవాలని కోరుకుంటాడు. వేగం నెమ్మదిగా పెరగడానికి ఇదీ ఒక ముఖ్య కారణమే.

రెండోది, మన దేశపు ఎండ. కార్డైట్ వేడెక్కితే దాని ఒత్తిడి పెరుగుతుంది. లండన్ చలిలో చక్కగా పేలిన తూటా వేసవి మధ్యాహ్నం ఎండలో ఉంచిన తరవాత పేలిస్తే గుల్ల ఉబ్బి, గొట్టం వెనక తూటా కూర్చునే గదిలో ఇరుక్కునే ప్రమాదం ఉంది. ఎదురుగా గాయపడిన పులి ఉన్నప్పుడు ఖాళీ గుల్ల బయటికి రాకపోతే పరిస్థితి ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. అందుకే రెండు గొట్టాల పెద్ద రైఫిళ్లకు లండన్ తయారీదారులు ఉష్ణ దేశాల కోసమని మందు తగ్గించి, ఒత్తిడి తక్కువగా ఉండే పొడవాటి గుల్లలు వాడారు. జాన్ రిగ్బీ సంస్థ 1898లో తెచ్చిన .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ దీనికి మంచి ఉదాహరణ: 70 గ్రెయిన్ల కార్డైట్, 480 గ్రెయిన్ల గుండు, సెకనుకు 2,150 అడుగులు.

ఆ .450 కథలో మన దేశానికి నేరుగా సంబంధం ఉన్న మలుపు ఒకటుంది. పాత మార్టిని-హెన్రీ సైనిక రైఫిళ్లది కూడా అదే కొలత. తిరగబడేవాళ్ల చేతికి వాటి మందుగుండు చేరుతుందన్న భయంతో 1907 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం హిందుస్తానంలోకి, సూడాన్‌లోకి .450 కొలత తూటాల రాకను నిషేధించింది. .470, .465, .475 అంటూ ఒకదాన్నొకటి పోలిన తూటాలు ఆ తరవాత వరసగా పుట్టుకొచ్చాయి. వాటికీ .450కీ పని విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

#4 – లెక్కల మాష్టారు

వేటగాళ్లు వేగం కోసం ఎందుకు అంతగా తపించారో ఒక చిన్న లెక్కతో చూద్దాం. దూరం 200 గజాలు, అంటే 600 అడుగులు. గాలి ఎదురుతోపు కలుపుకుని పాతమందు గుండు సగటున సెకనుకు 1,500 అడుగులు పోతుందనుకోండి. ఆ దూరానికి 0.4 సెకను పడుతుంది. అంతసేపట్లో చెట్టు మీంచి రాలిన కాయ ఎంత కిందికి పడుతుందో గుండూ అంతే పడుతుంది, సుమారు 31 అంగుళాలు. అదే సగటు వేగం 2,600 అడుగులైతే 0.23 సెకను చాలు, పడేది సుమారు 10 అంగుళాలు.

గురి పెట్టేవాడికి దీని అర్థం ఏమిటంటే, మొదటి రైఫిలుతో దూరాన్ని 30 గజాలు తప్పుగా అంచనా వేస్తే గుండు జింక వీపు మీదుగా పోతుంది, లేదా కాలు విరుస్తుంది. రెండో రైఫిలుతో ఆ పొరపాటు చాలావరకు సరిపెట్టుకుంటుంది. దూరాన్ని కొలిచే పరికరాలు లేని రోజుల్లో ఇది చిన్న సదుపాయం కాదు, గాయపడి తప్పించుకునే జంతువుల సంఖ్యను తగ్గించే సదుపాయం.

మరొకటి. దెబ్బ శక్తి గుండు బరువుతో పాటు నేరుగా పెరుగుతుంది, వేగంతో మాత్రం వర్గంగా పెరుగుతుంది. .30-30 లోని 160 గ్రెయిన్ల గుండుకు గొట్టం మూతి దగ్గర సుమారు 1,380 అడుగు-పౌన్ల శక్తి ఉంటే, అందులో సగానికి కొంచెమే ఎక్కువ బరువున్న .250-3000 సావేజ్ 87 గ్రెయిన్ల గుండు సెకనుకు 3,000 అడుగుల వేగంతో 1,740 దాకా తెస్తుంది.

గుండు ఆకారాన్ని కూడా మరిచిపోకూడదు. 1905లో జర్మన్ సైన్యం గుండ్రని ముక్కున్న బరువైన గుండును వదిలి 154 గ్రెయిన్ల సూదిమొన గుండుకు మారింది. వెంటనే అమెరికన్లు తమ .30 సైనిక తూటాలో 220 గ్రెయిన్ల గుండు తీసేసి 150 గ్రెయిన్లది పెట్టారు. వేగం 2,300 నుంచి 2,700కు ఎగబాకింది. అదే .30-06. వేట తూటాలకు ఈ రెక్కలు సైన్యాల నుంచే వచ్చాయి.

#5 – అడవిబాట

మాష్టారి లెక్కలో తప్పు లేదు. అయితే గొట్టం మూతి దగ్గర లెక్కకట్టిన శక్తి, జంతువు ఒంట్లో జరిగే పని ఒకటి కావు. ఈ తేడాను ఆనాటి వేగాభిమానులు తేలిగ్గా తీసుకున్నారు. దాని మూల్యం మనుషులు చెల్లించారు.

సర్ చార్లెస్ రాస్ 1907లో తెచ్చిన .280 రాస్ తూటాను తీసుకోండి. సుమారు 140 గ్రెయిన్ల గుండు, సెకనుకు 2,900 అడుగులకు తక్కువ కాని వేగం. ఆనాటికి అది అద్భుతమే. దూరాన నిలబడ్డ మెత్తని ఒంటి జింకలు మెరుపు తగిలినట్టు కూలేవి. ఆ పేరు విని కొందరు దాన్ని సింహాల మీదికి తీసుకెళ్లారు. 1911లో, నైరోబీ దగ్గరి మైదానంలో, బ్రిటిష్ విదేశాంగ మంత్రి సర్ ఎడ్వర్డ్ గ్రే తమ్ముడు జార్జ్ గ్రే గుర్రం మీద ఒక సింహాన్ని వెంబడించాడు. అది తిరిగి మీదికి దూకింది. అతని చేతిలో ఉన్నది .280 రాస్. గుండు తగిలింది కానీ సింహం ఆగలేదు. ఆ గాయాలతోనే కొద్ది రోజులకు గ్రే చనిపోయాడు. అంత దగ్గర నుంచి అంత వేగంగా వెళ్లిన గుండు కండలోకి దిగి ఎముక దాటేలోపే చితికిపోయే రకం కావడం వల్లే ఇలా జరిగిందని వేట చరిత్రలో పదే పదే చెప్పుకుంటారు.

దీని పక్కనే .275 రిగ్బీని పెట్టి చూడండి. అది నిజానికి 7×57 మాజర్ తూటాయే. 173 గ్రెయిన్ల పొడవాటి గుండు, వేగం సుమారు 2,300 అడుగులు మాత్రమే. ఆఫ్రికాలో ఏనుగుల వేటగాడు డబ్ల్యూ.డి.ఎం. బెల్ దీనిలోనే పూర్తి తొడుగు గుండ్లు వాడి వందల ఏనుగులను పడగొట్టాడు. చంపావత్ పులిని 1907లో చంపినందుకు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా దక్కిన రైఫిలు కూడా .275 రిగ్బీయే. వేటను నేను సమర్థించడం లేదు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ అధ్యాయం ముగియడం మంచిదే. కానీ ఏ తూటా పని చేసింది, ఏది చేయలేదు అన్న ప్రశ్నకు ఈ రెండూ పక్కపక్కన నిలబెట్టదగ్గ సాక్ష్యాలు. 2,300 అడుగులతో పని జరిగినచోట 2,900 అడుగులతో మనిషి ప్రాణం పోయింది.

#6 – పాతకాగితాలు

అడవిబాట గారూ, గ్రే విషయంలో మీతో ఏకీభవిస్తాను, కానీ నింద వేగానిది కాదు, గుండుది. ఆ మాటకొస్తే ఈ సంగతిని ఆ రోజుల్లోనే పట్టుకున్న మనిషి ఒకరున్నారు, చార్లెస్ న్యూటన్. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో నగరానికి చెందిన న్యాయవాది. తుపాకుల పరిశ్రమలో పుట్టి పెరిగినవాడు కాడు. 1912లో సావేజ్ సంస్థ అమ్మిన .22 హై-పవర్ ఆయన ఆలోచనే: 70 గ్రెయిన్ల గుండు, 2,800 అడుగులు. ఆ వేగం చూసి జనం ఎంత మైమరిచారంటే, చైనాలోని ఫూజియన్ ప్రాంతంలో హ్యారీ కాల్డ్‌వెల్ అనే అమెరికన్ మిషనరీ అంత చిన్న తూటాతో పులులను వేటాడాడు. అది ఆయన గురికీ నిబ్బరానికీ సాక్ష్యమే గాని, ఆ తూటా పులికి తగినదనడానికి కాదు.

న్యూటన్ అక్కడితో ఆగలేదు. .256, .30, .35 న్యూటన్ తూటాలను రూపొందించి, 1914లో సొంత సంస్థ పెట్టాడు. అందరూ గుల్లలో ఎంత మందు పడుతుందో చూస్తుంటే ఆయన గుండు లోపల ఏముందో చూశాడు. మొన దగ్గరి మెత్తని సీసం చితకకుండా దానిలోకి లోహపు తీగ దించాడు, సీసానికీ తొడుగుకూ మధ్య కాగితం పొర పెట్టాడు. గొట్టంతో రాపిడి వల్ల పుట్టే వేడికి సీసం కరిగి గుండు గాలిలోనే బలహీనపడుతోందని ఆయన నమ్మకం. యుద్ధం మధ్యలో పరికరాలు, తూటాలు దొరక్క 1918లో ఆ సంస్థ అప్పులవాళ్ల చేతికి పోయింది. ఆ పేజీలు చదువుతుంటే నిజంగా బాధ కలిగింది. పదేళ్ల తరవాత పుట్టి ఉంటే ఆయన కథ వేరుగా ఉండేది.

#7 – లోహవిద్య

న్యూటన్ మీద మీ గౌరవంలో నేనూ పాలుపంచుకుంటాను. అయితే కాగితం పొర వెనక ఉన్న కారణం మాత్రం నిలబడదు. గుండు గొట్టంలో ఉండేది సెకనులో వెయ్యోవంతు లేదా ఆపై కొంచెం. అంత తక్కువ సమయంలో రాపిడి వేడి తొడుగును దాటి లోపలి సీసాన్ని కరిగించేంతగా పోదు. గుండు ముక్కలు కావడానికి అసలు కారణం తగిలిన క్షణంలో మొన మీద పడే ఒత్తిడి, దాన్ని తట్టుకోలేని పలచని తొడుగు, మెత్తని సీసం. ఆయన రోగాన్ని సరిగ్గా గుర్తించాడు, కారణాన్ని మాత్రం వేరేచోట వెతికాడు.

ఆ రోగానికి అసలు చికిత్స కనిపెట్టే పని జర్మనీలో కొంత జరిగింది. విల్‌హెల్మ్ బ్రెన్నెకె 1917లో తన 7×64 తూటాతో పాటు ఒకే గుండులో ముందు భాగంలో మెత్తని సీసం, వెనక భాగంలో గట్టి సీసం పెట్టిన గుండును తెచ్చాడు. ముందుభాగం విచ్చుకుంటుంది, వెనకభాగం లోపలికి దిగుతుంది. అమెరికాలో ఆ ఆలోచనకు గట్టి రూపం రావడానికి ఇంకా ముప్పై ఏళ్లు పట్టింది. 1946లో బ్రిటిష్ కొలంబియాలో .300 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నమ్‌తో కొట్టిన గుండ్లు మూస్ అనే భారీ దుప్పి ఒంటి మీద పైపైనే చితికిపోవడం చూసి, జాన్ నోస్లర్ గుండు మధ్యలో అడ్డుగోడలా రాగి పొర ఉండే పద్ధతిని తయారుచేశాడు. అది 1948లో అమ్మకానికి వచ్చింది. అంటే పాతకాగితాలు గారూ, మీరు ముప్పై ఏళ్లని అడిగారు, నా లెక్కలో అది అరవై ఏళ్లు.

#8 – మాజీ ఆర్మరర్

లోహవిద్య గారి అరవై ఏళ్ల లెక్కలోకి ఇంకో రెండు చిన్న సంగతులు కలపాలి. ఇవి కాగితాల మీద కనపడవు, గొట్టం శుభ్రం చేసేవాడికి కనపడతాయి.

మొదటిది తొడుగు. తొలి గుండ్లకు రాగి, నికెలు కలిసిన తొడుగు వేసేవారు. వేగం 2,000 అడుగులు దాటాక ఆ లోహం గొట్టం లోపల గడ్డలు గడ్డలుగా అంటుకునేది. నూనె గుడ్డతో పోదు, అమ్మోనియా ద్రావణం పోసి కరిగించాలి. గడ్డ కట్టిన గొట్టంలో రెండో రోజు గురి దారి తప్పుతుంది. రాగిలో కొద్దిగా జింకు కలిపిన తొడుగు 1920లలో స్థిరపడ్డాకే ఈ బెడద తగ్గింది.

రెండోది ప్రైమరు. అప్పటి ప్రైమరులో పొటాషియం క్లోరేటు ఉండేది. పేలగానే గొట్టంలో ఉప్పు వంటి పదార్థం మిగులుతుంది. నూనె దాన్ని కరిగించలేదు, నీళ్లే కరిగిస్తాయి. అందుకే మా ఉస్తాదు గరాటు పెట్టి గొట్టంలోకి మరుగుతున్న నీళ్లు పోయించేవారు. నీళ్ల వేడికి గొట్టం దానంతట అదే ఆరిపోయేది, ఆ తరవాతే నూనె గుడ్డ. సముద్రపు గాలి తగిలే మన కోస్తాలో ఒక్క రాత్రి అశ్రద్ధ చేస్తే పొద్దునకల్లా లోపల ఎర్రగా తుప్పు పట్టేది. గొట్టం ఎంత సన్ననిదైతే, వేగం ఎంత ఎక్కువైతే, ఆ తుప్పు గురిని అంత త్వరగా పాడుచేస్తుంది.

#9 – కొత్తగా చేరాను

పెద్దల చర్చలో మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. పైన 87 గ్రెయిన్లు అన్న అంకె చూశాను. 90 కాదు, 100 కాదు, సరిగ్గా 87 ఎందుకు? దానికేమైనా కారణం ఉందా, లేక అచ్చులు అలా కుదిరాయా?

#10 – పాతకాగితాలు

కారణం ఉంది. .250 కూడా న్యూటన్ రూపొందించినదే. ఆయనకు నచ్చింది 100 గ్రెయిన్ల గుండు, సుమారు 2,800 అడుగుల వేగంతో. సావేజ్ సంస్థకు మాత్రం ప్రకటనలో 3,000 అన్న అంకె కావాలి. ఆ గుల్లలో ఆనాటి మందుతో, రైఫిలు తట్టుకునే ఒత్తిడిలో ఆ అంకె చేరాలంటే గుండును 87 గ్రెయిన్లకు తగ్గించాల్సి వచ్చింది. నా మటుకు నాకు న్యూటన్ మాటే సరైనదనిపిస్తుంది, ముఖ్యంగా జింకల విషయంలో.

#11 – లెక్కల మాష్టారు

దీనికి ఇంకో ముడి ఉంది, ఆ నిర్ణయం గొట్టంలోనే చెక్కబడిపోయింది. గుండు గాలిలో మొన ముందుకే ఉండి పోవాలంటే తగినంత వేగంగా గిరగిరా తిరగాలి. ఒకే మందంలో బరువు పెరిగితే పొడవు పెరుగుతుంది, పొడవు పెరిగితే ఇంకా వేగంగా తిప్పాలి. సావేజ్ వాళ్లు పొట్టి 87 గ్రెయిన్ల గుండుకు సరిపడేలా గాళ్లకు 14 అంగుళాలకు ఒక చుట్టు చొప్పున మెలి ఇచ్చారు. న్యూటన్ కోరిన 100 గ్రెయిన్ల గుండుకు అది అంచు మీద సరిపోతుంది. ఆపైన 120 గ్రెయిన్ల సూదిమొన గుండు పెట్టి ఆ పాత రైఫిలుతో కాల్చి చూస్తే, 100 గజాల దూరంలోని కాగితం మీద గుండ్రటి చిల్లు ఉండదు. గుండు అడ్డంగా పడి, దాని పొడవంతా అచ్చుపడినట్టు ఒక చీలిక ఉంటుంది.